మంచుకొట్టు మూత

మా ఊళ్లో నాకు రెండు పేర్లు. చర్చిలో పెట్టింది ఇనాక్. పుట్టినరోజున మా మేనత్త పెర్సిస్ పెట్టింది తులుగాక్. అది ఆమె తండ్రి పేరు, అంటే మా తాత పేరు. ఆయన పోయిన నాలుగు నెలలకి నేను పుట్టాను. పేరుతోపాటు మనిషి కూడా తిరిగొస్తాడని మావాళ్ల నమ్మకం. అందుకే అత్త నన్ను "నాన్నా" అని పిలుస్తుంది. ముద్దుకి కాదు, నిజంగానే. నేను ఆమెని "అమ్మాయీ" అంటాను. అయిదేళ్లప్పుడు ముక్కు చీదుకుంటూ "అమ్మాయీ, టీ పెట్టు" అని నేనంటే ముప్ఫయ్యేళ్ల మనిషి నవ్వుకుంటూ లేచి టీ పెట్టేది. ఇప్పుడు నాకు యాభై నాలుగు, ఆమెకి డెబ్బై తొమ్మిది.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది తెలియకపోతే నేను చేసింది మామూలు మతిమరుపు అనుకుంటారు. అది మతిమరుపు కాదు. మతిమరుపు అయివుంటే ఇంత సిగ్గుపడే అవసరం ఉండేది కాదు.

ఊరి చివర సముద్రం వైపున్న దిబ్బలో మా మంచుకొట్టు ఉంది. మోకాలెత్తు చెక్క చట్రం, దాని మీద బరువైన మూత తలుపు. మూత ఎత్తితే ముప్ఫై అడుగుల నిచ్చెన. కింద రెండు దారులు, పద్నాలుగు గదులు. భూమికి ఉత్తరపు కొసన ఉన్న ఇక్కడ నేల పైన రెండు మూడడుగులే వేసవిలో కరుగుతుంది, కిందిదంతా ఎప్పుడూ గడ్డే. తాత, ఆయన తమ్ముళ్లిద్దరూ ఆ గడ్డని రెండు చలికాలాలు పలుగులతో తవ్వి ఆ కొట్టు చేశారు. చేపలు, పెద్దబాతులు, కారిబూ జింక మాంసం, తెల్ల తిమింగలం తోలూ కొవ్వూ కలిసిన ముక్తుక్, ఊరి తిండంతా అందులోనే.

మంచుకొట్టుకి ఒక్కటే నియమం. నడిచలికాలంలో మూత తెరిచి పెట్టాలి. చుట్టూ మంచు దిమ్మెలు పేర్చి, చలిని కిందికి దిగనివ్వాలి. ఆ చలిని దాచుకునే గోడలు వేసవంతా నిలబడతాయి. ఏప్రిల్లో మంచుపిచ్చుక కూత మొదటిసారి వినగానే మూత వేసెయ్యాలి. ఆ తర్వాత జూన్ విందు దాకా ఎవరికీ అటు పని ఉండదు. తాత పెట్టిన నియమం అది. ఆయన పేరు నాదైంది కాబట్టి ఆ పనీ నాదైంది. ముప్ఫయ్యేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదు. పోయిన ఏప్రిల్లో తప్పాను.

పోయిన చలికాలం ఒక కంపెనీ మా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా అత్త చేపలు పట్టుకునే సరస్సు పక్కన, బావి తవ్వింది. తవ్వే ముందు బడి ఆటల హాల్లో మీటింగు పెట్టారు. ఒకాయన పళ్లెంలో మంచుముక్క పెట్టి అగ్గిపుల్ల గీశాడు. మంచు మండింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పెద్ద తెలిసినవాడిలా. కిలోమీటరు లోతున ఇసుక సందుల్లో గ్యాసూ నీళ్లూ కలిసి గడ్డకట్టి ఉన్నాయట, దాన్ని పైకి తెస్తే ఊళ్లకి ఊళ్లే వెలుగుతాయట, బొగ్గు కంటే శుభ్రమట.

అత్త లేచింది. "కింద గడ్డకట్టి ఉన్నదాన్ని మీరు కరిగిస్తే పైన మేమెక్కడ నిలబడాలయ్యా? ఆ గ్యాసు సగంలో తప్పించుకుని గాల్లోకి పోతే ఎవడు పట్టుకొస్తాడు?"

ఆయన నవ్వి "చాలా మంచి ప్రశ్నమ్మా" అన్నాడు. అంతటితో సరి. తర్వాత అందరికీ టీ, బిస్కెట్లు ఇచ్చారు.

నాకు ఎలుగుబంట్ల కాపలా పని ఇచ్చారు. తుపాకీ పట్టుకుని బావి చుట్టూ తిరగడం. దాంతోపాటు రొమ్ము మీద ఇనాక్ అని ఎర్రదారంతో కుట్టిన నీలం కోటు కూడా ఇచ్చారు. ఆ కోటు చూసుకుని నేను పొంగిపోయాను. మా బావ ఎల్మర్, నా భార్యకి అన్న, ఊరి వేటగాళ్ల సంఘానికి పెద్ద. కోటు చూసి "ఏం బావా, పేరు మర్చిపోతావని రాసిచ్చారా?" అన్నాడు. నవ్వేశాను గాని కోటు విప్పలేదు.

వాళ్ల పని ఏమిటంటే, బావిలో నీళ్లు తోడెయ్యాలి. తోడితే లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ఆ మంచు విడిపోయి గ్యాసు వదులుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ కింద ఇసుకని పట్టి ఉంచింది ఆ మంచే. అది విడిపోగానే ఇసుక నీళ్లతో కలిసి పైకొచ్చి పంపు గొంతు పట్టుకునేది. ఒకసారి ముప్ఫై గంటలు నడిచి ఆగింది, ఇంకోసారి పదకొండు గంటలు. ఇసుక రాకుండా జల్లెడ పెడితే జల్లెడ పూడేది. వచ్చిన కాస్త గ్యాసూ దారిలో నీళ్లతో కలిసి గొట్టంలోనే మళ్లీ గడ్డకట్టేది. అప్పుడు వేడినీళ్లు పంపేవాళ్లు. ఆ వేడి గొట్టం చుట్టూ ఉన్న నేలకి కూడా తగిలేది. తోడిన ఉప్పునీళ్లని పక్కన గుంట తవ్వి పోశారు, గడ్డనేలే దాన్ని పట్టి ఉంచుతుందని. గడ్డనేల మీద వాళ్లకి ఎంత నమ్మకమో! ఒకవైపు దాన్ని వేడి చేస్తూనే ఇంకోవైపు దాన్నే నమ్ముకున్నారు.

పంపు ఆరు రోజులు ఆగకుండా నడిస్తే ఇరవై బావులకి అనుమతి అడుగుతారట. ఆ ఆరు రోజుల పిచ్చి నాకూ పట్టుకుంది. ఎలుగుబంట్లని చూడాల్సినవాణ్ణి జల్లెడ దగ్గర నిలబడి ఇసుక చూసేవాణ్ణి. ఇంజనీర్లు "ఇనాక్, నువ్వేమంటావ్?" అని అడిగేవాళ్లు. నేనేమన్నా వాళ్లు పట్టించుకోలేదు గాని అడిగారు కదా, అదే చాలింది.

ఏప్రిల్ పన్నెండున క్యాంపు వంటాయన చీటీ ఒకటి తెచ్చిచ్చాడు. "మీ అమ్మాయి ఫోన్ చేసింది. ఏమనుకోకండి గానీ, గొంతు మాత్రం ముసలావిడలా ఉంది" అన్నాడు. చీటీలో ఆయన రాసింది ఇదీ: "నాన్నా, పిట్టలొచ్చాయి. మూత ఇంకా తెరిచే ఉంది. నా చేతులకి అది కదల్లేదు. నేను బాతుల వేటకి వసంతం క్యాంపుకి పోతున్నాను. నువ్వు చూసుకో."

ఇంజన్ల మోతలో నాకు పిట్టల కూత వినబడలేదు. కానీ చీటీ వినబడనట్టు ఎలా ఉంటుంది? చదివాను, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. రేపు సామాన్ల బండిలో ఊరికి పోయి వేసొద్దామనుకున్నాను. మర్నాడు మంచుతుఫాను, మూడు రోజులు. నాలుగోరోజు పంపు నడిచింది, ఆగలేదు. ఆరో రోజుకి అందరూ కేకలు, కౌగిలింతలు. నాతోనూ చేతులు కలిపారు. ఆ తర్వాత మంచుదారి కరిగి బళ్లు ఆగిపోయాయి. క్యాంపు ఎత్తేసి నన్నొక్కణ్ణే కాపలా ఉంచారు, జూన్లో హెలికాప్టర్ వచ్చి తీసుకుపోతుందని చెప్పి.

అప్పుడైనా ఒక్కమాట చాలు. నా దగ్గర రేడియో ఉంది. మా ఊళ్లో ప్రతి ఇంట్లో వంటగది అల్మారా మీద రేడియో పొద్దున్నే మోగుతూ ఉంటుంది, అందరిదీ ఒకటే చానల్. "ఎల్మర్ బావా, కొట్టు మూత వేసెయ్" అంటే పది నిమిషాల్లో వేసేవాడు. కానీ ఆ మాట ఊరంతా వింటుంది. తులుగాక్ మూత మర్చిపోయాడని ముసలాళ్లు, పిల్లలు, టీ తాగుతూ అందరూ వింటారు. అత్త కూడా అందుకే రేడియోలో చెప్పకుండా వెతుక్కుని ఫోన్ చేసింది, నా పరువు పోకూడదని. రోజూ రేడియో చేతిలోకి తీసుకునేవాణ్ణి. గాలి ఎటుంది, మంచు ఎలా ఉంది అని చెప్పి పెట్టేసేవాణ్ణి. ఆలస్యమైనకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. అలా నలభై రోజులు గడిపాను.

జూన్ నాలుగున ఊళ్లో దిగి నేరుగా కొట్టు దగ్గరికి పోయాను. తుఫానుకి మంచు దిమ్మెలు కూలి నిచ్చెన గొయ్యంతా మంచుతో నిండింది, ఎండకి అది కరిగి నీళ్లయి కిందికి దిగింది. రెండు దారుల్లో మోకాలిలోతు నీళ్లు. ముక్తుక్ బకెట్లు తేలుతున్నాయి. వాసన అప్పుడే మొదలైంది. రెండు రోజులు ఎవరూ చూడకుండా నీళ్లు తోడి పోశాను. మూత వేశాను. ఇంటికెళ్లి పడుకున్నాను.

పదిరోజులకి పెద్దల విందు కోసం ఎల్మర్ మూత తెరిచాడు. ముక్కు మూసుకుని పైకొచ్చి నా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, మొత్తం పోయింది! పద్నాలుగిళ్ల తిండి! నీ కంపెనీవాళ్లు భూమిని కిందనుంచి ఉడకబెట్టారయ్యా!"

ఊపిరి తీసుకుని మళ్లీ అడిగాడు.

"మూత వేశావు కదా నువ్వు? ఏప్రిల్లోనే?"

మా దగ్గర అవునంటే నోరు తెరవక్కర్లేదు, కనుబొమ్మలు పైకెత్తితే చాలు. నేను కనుబొమ్మలు ఎత్తాను. నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదని చాలారోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అంత నీచానికి దిగాను.

మర్నాడు ట్రాక్టర్లో మాంసమంతా చెత్తదిబ్బకి మోశాం. ముసలాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు. పేపరువాళ్లొచ్చి చెడిన బకెట్టు పక్కన నన్ను నిలబెట్టి ఫొటో తీశారు. "మా తాత తవ్విన కొట్టు" అన్నాను వాళ్లతో. గొంతు కూడా వణికింది, నటన కాదు. కానీ వాళ్లనుకున్న కారణానికి మాత్రం కాదు.

అత్త వసంతం క్యాంపు నుంచి ఆ వారమే వచ్చింది. సంగతి విని నా దగ్గరికొచ్చి ఒకే ఒక్కటి అడిగింది.

"నాన్నా, నా చీటీ అందిందా?"

"అందింది అమ్మాయీ."

"అయితే సరే" అంది. ఇంక అడగలేదు. చీటీ అందిందంటే మూత పడినట్టే. ఆమె లెక్కలో అది అంతే.

ఆ వేసవిలో బావి చుట్టూ నేల పళ్లెంలా దిగబడింది. ఉప్పునీళ్ల గుంట కట్ట ఒక పక్క జారింది. అక్టోబరులో సరస్సు గడ్డకట్టింది, ఒక్కచోట తప్ప. అత్త వల వెయ్యడానికి పోయి చూసింది. మంచుకింద మరుగుతున్న కెటిల్లా బుడగలు, పైన మూరెడు నీళ్లు తెరుచుకుని. ఎల్మర్‌ని తీసుకెళ్లింది. అతను వంగి అగ్గిపుల్ల గీశాడు. మంట లేచి కనుబొమ్మలు రెండూ కాలిపోయాయి. "నెల్లాళ్లు ఇంట్లో ఏదడిగినా అవుననలేకపోయాను" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. ఆ సరస్సులో ఆమె డెబ్బై ఏళ్లుగా చేపలు పడుతోంది.

నవంబరులో ఇరవై బావుల అనుమతి మీద విచారణ జరిగింది. అదే ఆటల హాలు, మధ్యాహ్నం. బల్ల వెనక ముగ్గురు సభ్యులు, ఎదురుగా కంపెనీ లాయరు కార్వర్, మెత్తగా మాట్లాడే మనిషి. అనుమతి ఆపాలంటే మాకున్నవి రెండే: మంచుకొట్టు, సరస్సు. ఊరంతా కొట్టు గురించి మాట్లాడింది. అత్త మాత్రం సరస్సు గురించే మాట్లాడింది.

"ఈ డెల్టాలో సరస్సులు మొదట్నుంచీ బుడగలు వదుల్తూనే ఉన్నాయి కదమ్మా?" అన్నాడు కార్వర్.

"ఉన్నాయి. అలాంటివి నాకు మూడు తెలుసు. వాటి పక్కన డేరా వెయ్యం. ఇది నాలుగోది. పోయినేడు దీనిమీద మంచులో నడిచే స్కిడూ బండి నడిపాను. నడిపి, ఇదిగో, బతికే ఉన్నాను."

జనం నవ్వారు. బల్ల వెనక మధ్యలో కూర్చున్న పెద్దావిడ ఏదో రాసుకుంది. అత్త మాట వాళ్లకి ఎక్కుతోందని నాకు తెలిసిపోయింది. ఆనందపడ్డాను కూడా, చివరి బెంచీలో దాక్కుని.

"మీరు జాగ్రత్తగా చూసే మనిషి" అన్నాడు కార్వర్. "మంచుకొట్టు కూడా చూశారా?"

"చూశాను. ఏప్రిల్ పన్నెండున మూత తెరిచి ఉంది."

ఎల్మర్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"తెరిచి ఉందా?"

"ఉంది. ఫోన్ చేశాను. మా తులుగాక్ మూశాడు."

"ఆయన మూయడం మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. ఆయన మా నాన్న. మా నాన్న చీటీ అందిందన్నాడు."

కార్వర్ నవ్వలేదు. నవ్వివుంటే నాకు కాస్త తేలికయ్యేది. అంతకు ముందటి శరదృతువులో, బావి తవ్వకముందే, కంపెనీవాళ్లు కొట్టు గోడలో పైనుంచి కిందికి ఉష్ణోగ్రత కొలిచే తీగ పాతారు. నేనే నిచ్చెన పట్టుకున్నాను, ఆ సంగతే మర్చిపోయాను. ఆ తీగ అంకెలు తెరమీద వేశాడు. అడుగునున్న నేల ఏడాది పొడుగునా చల్లగానే ఉంది. మే నెలాఖరులో వేడి పైనుంచి దిగింది, మెట్టు మెట్టుగా, నీళ్లు దిగినట్టు. గ్రాఫ్ చదవడం రానివాళ్లకి కూడా అర్థమైంది.

"అమ్మా, ఇంకోసారి అడుగుతున్నాను. ఏప్రిల్లో మూత పడిందని మీకు ఖచ్చితంగా తెలుసా?"

"తెలుసు" అంది అత్త.

తెరవైపు ఆమె చూడనేలేదు. నావైపు తిరిగింది. భయంతో కాదు, నేను లేచి ఆ మాట చెబుతానని. తండ్రివైపు చూసినట్టే చూసింది.

లేచాను. "మూత పడలేదు. చీటీ అందింది. జేబులో పెట్టుకున్నాను. జూన్ నాలుగు దాకా తెరిచే ఉంది. నీళ్లు నేనే తోడాను. తర్వాత మూశాను" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, పంపు, తుఫాను, మంచుదారి. వాటన్నిటికీ రేడియో ఒక్కటే జవాబు, అందుకని నోరు మూసుకున్నాను.

"థాంక్యూ" అన్నాడు కార్వర్, మెత్తగానే.

"సరస్సుకీ దీనికీ సంబంధం లేదు! సరస్సు నిజం!" అని అరిచాను అప్పుడు. నా నోట నిజమనే మాట విని పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

విరామంలో అందరూ టీ దగ్గరికి పోయారు. నేను అత్త దగ్గరికి పోయాను. "అమ్మాయీ" అనబోయి ఆగాను. ఆమె కప్పు చేతిలో పట్టుకుని కూర్చుంది, తాగడం లేదు.

"కొంచెం పక్కకి జరుగు ఇనాక్" అంది. "వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."

యాభై నాలుగేళ్లలో ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. పక్కకి జరిగాను.

డిసెంబరులో తీర్పొచ్చింది. ఇరవై కాదు, ఆరు బావులకి అనుమతి. సరస్సు బుడగల గురించి ఒకే ఒక్క వాక్యం: సాక్షి నిజాయితీని శంకించడం లేదు, అయితే ఆమె ఖచ్చితమని చెప్పిన వేరే సంగతి తప్పని తేలినందువల్ల ఈ పరిశీలనకి తగినంత బరువు ఇవ్వలేకపోతున్నాం. ఆ వాక్యం ఎల్మర్ గట్టిగా చదివి కాగితం బల్లమీద పెట్టేశాడు. నన్నొక్క మాట అనలేదు. మావాళ్లు తిట్టరు. తిట్టి వుంటే కోపమన్నా తెచ్చుకునేవాణ్ణి. తలుపు తియ్యగానే మాటలాగిపోతాయి, తర్వాత ఎవరో ఒకరు వాతావరణం సంగతి ఎత్తుకుంటారు. ముక్తుక్ పంచేటప్పుడు నా వాటా అందరిలాగే ఇస్తున్నారు, ఏమాత్రం తక్కువ కాకుండా. అది తినడం ఎంత కష్టమో చెప్పలేను. నీలం కోటు షెడ్డులో మేకుకి వేలాడుతోంది. కాల్చేద్దామని రెండుసార్లు తీశాను, కాల్చలేదు. కాలిస్తే తేలికైపోతానేమోనని భయం.

వారం కిందట పొద్దున్న రేడియోలో అత్త గొంతు వినబడింది. "ఇనాక్ ఉన్నాడా? సరస్సు దాకా స్కిడూ కావాలి." ఊరంతా విన్నారు, ఆ పేరు కూడా విన్నారు. నా భార్య పొయ్యిమీదున్న రొట్టె వైపే చూస్తూ ఉండిపోయింది.

పన్నెండింటికి బయల్దేరాం. నడిచలికాలంలో కనబడకుండా పోయిన సూర్యుడు తిరిగొచ్చిన మొదటి వారం, దక్షిణాన ఎర్రగా ఓ గంట కనబడి పోతాడు. సరస్సు మీద ఆవిరి దూరం నుంచే కనబడింది. జనవరి చివర, సున్నాకి ముప్ఫై అయిదు కింద, అక్కడ నీళ్లు తెరుచుకుని ఉన్నాయి. అక్టోబరులో మూరెడు ఉన్నది ఇప్పుడు స్కిడూ పట్టేంత అయింది. బుడగల చప్పుడు మంచుమీద నిలబడ్డా వినిపిస్తోంది. కొత్త బావుల కోసం తెచ్చిన ఇనుప గొట్టాలు అవతలి గట్టున దొంతర్లుగా ఉన్నాయి.

"కొలిచి రా" అంది అత్త.

నడుముకి తాడు కట్టుకుని, మంచుని కర్రతో పొడుస్తూ పోయి కొలిచాను. ఆమె తాడు రెండో కొస స్కిడూకి కట్టి, మధ్యలో తనూ పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలుస్తూనే ఉంది.

తిరిగొచ్చాక ఆమె తన పార్కా కోటులోంచి ఒక బడి నోటుబుక్కు, పెన్సిలు తీసింది. ఈ చలికి పెన్ను రాయదు. అనుమతి కాగితంలో ఒక నిబంధన ఉంది. తేదీ, పేరు, కొలత రాసి ఎవరిచ్చినా మార్చిలో ఆ ముగ్గురూ చదవాలి. ఎల్మర్ ఆమెకి ఆ సంగతి చెప్పాడట. అత్తకి ఇంగ్లీషు రాయడం రాదు.

"నీ పేరు పెడతానత్తా" అన్నాను. అత్తా అనే అన్నాను. ఇంకో పిలుపుకి నాకు హక్కు లేదు.

"నా కళ్లకి ఆవిరి తప్ప ఏం కనబట్టం లేదు. కొలిచింది నువ్వు. నీ పేరే పెట్టు."

"నా పేరు చూస్తే చదవకుండా పక్కన పడేస్తారు."

"ముందు మూత సంగతి రాయి. వాళ్లు తవ్వి తియ్యకముందే నువ్వే రాయి. మొదటి లైను అదే. తర్వాత సరస్సు."

"ప్రతి పేజీలోనా?"

"వాళ్లు ఏ పేజీ తెరుస్తారో నాకేం తెలుసు?"

చేతితొడుగు తీసి రాశాను. రెండుసార్లు వేళ్లు పనిచెయ్యక ఆపాల్సొచ్చింది. రాసింది చదివి వినిపించమంది. చదివాను: "పోయిన ఏప్రిల్లో మా ఊరి మంచుకొట్టు మూత వెయ్యకుండా వదిలేసి, అడిగినప్పుడు వేశానని అబద్ధమాడిన మనిషిని నేనే. కింద ఉన్న కొలత కూడా నేనే కొలిచాను. ఇనాక్ తులుగాక్."

కాగితాల్లో నా సంతకం ఎప్పుడూ అలాగే. రెండు పేర్లూ కలిపి.

అత్త తొడుగుతోనే తన చెయ్యి పేజీమీద పెట్టింది. కోపంగా కాదు. పిల్లాడి చేతిలో కత్తి మీద చెయ్యి పెట్టినట్టు.

"రెండోది కొట్టెయ్యి" అంది. "మా నాన్న మూత తెరిచి వదిలెయ్యలేదు."

కొట్టేశాను. కింద కొలత రాశాను: అడ్డం పదకొండడుగులు, నిలువు తొమ్మిది.